మోడల్ స్పోర్ట్స్ కార్ల సేకరణ: ముందు షోకేసు కొలవండి, కారు తర్వాత కొనవచ్చు

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఫ్లాట్‌లోకి మారుతున్నారని, హాల్లో గోడ పొడవునా వడ్రంగి చేత షోకేసు చేయించుకోబోతున్నారని, అందులో పెట్టడానికి ఇప్పటికి అరవై దాకా 1:64 కార్లు (అంటే అసలు కారు పొడవులో అరవైనాలుగో వంతు), రెండు 1:18 కార్లు ఉన్నాయని రాశారు. ఇకపై చిన్న స్కేలులోనే కొనసాగాలా, పెద్ద స్కేలుకు మారాలా అన్నది మీ మొదటి ప్రశ్న. ఆ రెండు పెద్ద కార్ల మీద రంగు పొక్కులు తేలడానికి కారణమేమిటి, కొత్త షోకేసులో ఆ పరిస్థితి రాకుండా ఏం చేయాలి అన్నది రెండోది. ప్యాకెట్లు విప్పాలా, విప్పకుండా దాచితే విలువ పెరుగుతుందా అన్నది మూడోది. చాలా ఏళ్లుగా రేసు కార్ల, స్పోర్ట్స్ కార్ల మోడళ్లు సేకరిస్తున్నవాడిగా నేను రెండో ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. వడ్రంగి పని మొదలు పెట్టాక సరిదిద్దుకోలేనిది అదొక్కటే.

స్కేలును మన ఇష్టం నిర్ణయిస్తుందని అనుకుంటాం గాని, ఇంట్లో దాన్ని నిర్ణయించేది అర లోతు. ఉదాహరణకు ఫెరారీ ఎఫ్40 అసలు కారు పొడవు 4.36 మీటర్లు. అది 1:64లో 6.8 సెంటీమీటర్లు, 1:43లో 10 సెంటీమీటర్లు, 1:18లో 24 సెంటీమీటర్లు అవుతుంది. మూడడుగుల అర మీద కార్లను ముఖం మన వైపు ఉండేలా పక్కపక్కన నిలిపి, చెయ్యి పెట్టి తీయగలిగినంత ఖాళీ మధ్యలో వదిలితే, 1:18 కార్లు ఆరు, 1:43 కార్లు పన్నెండు, 1:64 కార్లు పద్దెనిమిది దాకా పడతాయి. లోతు విషయానికి వస్తే మొదటి రకానికి కనీసం 30 సెంటీమీటర్లు, రెండో రకానికి 13 లేదా 14, మూడో రకానికి 9 లేదా 10 కావాలి. మన వడ్రంగులు సాధారణంగా షోకేసును అడుగు లోతుతో చేస్తారు. అందులో 1:64 కార్లు పెడితే, ముందు వరస వెనక మూడింట రెండు వంతుల అర ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీ నింపడానికి రెండో వరస, మూడో వరస పెట్టినప్పుడు వెనకవి కనబడవు. మెట్ల మాదిరి పీటలు చేయించి వెనక వరసలను ఎత్తులో నిలపవచ్చు గాని, అప్పుడు అరల మధ్య ఎత్తు కూడా ముందే పెంచుకోవాలి.

ఈ స్కేళ్లకు వాటి వాటి చరిత్ర ఉంది, అది తెలిస్తే ఎంపిక కొంత తేలికవుతుంది. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ తన హార్న్‌బీ బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవడానికి 1933లో చిన్న వాహనాలు విడుదల చేసి, 1934లో వాటికి డింకీ టాయ్స్ అని పేరు పెట్టింది. ఆ రైళ్ల కొలత నుంచే 1:43 వచ్చింది, యూరప్ సేకర్తలకు ఈనాటికీ అదే ప్రధాన స్కేలు. తర్వాతి కాలంలో డింకీ అచ్చులు కొన్ని కలకత్తాకు చేరి, నిక్కీ టాయ్స్ పేరుతో మన దేశంలోనే కార్లు తయారయ్యాయి. పాత సామాను అంగళ్లలో అవి ఎప్పుడైనా ఎదురుపడితే నాణ్యత చూసి మొహం తిప్పుకోకండి, వాటిని వెతికేవారు విదేశాల్లో కూడా ఉన్నారు. 1:64కు వచ్చిన ఆదరణలో పెద్ద వంతు 1968లో మాటెల్ కంపెనీ పదహారు కార్లతో మొదలుపెట్టిన హాట్ వీల్స్‌ది. అయితే మామూలు హాట్ వీల్స్ కార్లు కచ్చితంగా 1:64 కొలతలో ఉండవు. ఏ కారైనా అదే ప్యాకెట్‌లో ఇమిడేలా తయారు చేస్తారు కాబట్టి, పెద్ద కారు కాస్త కుంచించుకుని, చిన్న కారు కాస్త పెరిగి, రెండూ దాదాపు ఒకే పొడవుకు వస్తాయి. ఒక పాత మినీ అనే బుల్లి కారు పక్కన పొడవాటి కాడిలాక్ పెట్టి చూస్తే తేడా వెంటనే పట్టుబడుతుంది. మినీ జీటీ వంటి కంపెనీలు కొలతను గట్టిగా పాటిస్తాయి గనుక, ఒకే అర మీద రెండు రకాలనూ కలిపితే కంటికి ఏదో పొసగనట్టు ఉంటుంది.

మీ హాలుకు నా సలహా 1:43. ఇది నా పక్షపాతమని ఒప్పుకుంటూనే కారణం చెబుతాను. కూర్చున్న చోటి నుంచి, అంటే ఆరేడు అడుగుల దూరం నుంచి చూసినప్పుడు 1:64 కారు రంగు చుక్కగా మాత్రమే కనబడుతుంది, దగ్గరికి వెళితేనే కారు అవుతుంది. 1:18 గదిని ఆక్రమిస్తుంది. ఒక్కొక్కటి దాదాపు కిలో తూగుతుంది, తలుపులు, ఇంజన్ మూత తెరిచి చూపాలంటే పైన ఇంకో చెయ్యంత ఎత్తు కావాలి, గోడ త్వరగా నిండిపోతుంది. 1:43లో కారు ఆకృతి దూరం నుంచి తెలుస్తుంది, దగ్గరి నుంచి చూస్తే రేసు నంబర్లు, స్పాన్సర్ల అక్షరాలు చదవగలుగుతాం. ఇందులో ఎక్కువ భాగం రెజిన్‌తో, అంటే పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవంతో, పోసినవి, తలుపులు తెరుచుకోవు. తలుపు తెరవడం మీకు ముఖ్యమైతే ఈ స్కేలు మీకు నచ్చదు, అప్పుడు 1:18లో నాలుగైదు కార్లు మాత్రమే మంచివి కొనుక్కోవడం మేలు. ఇప్పుడున్న అరవై చిన్న కార్లను పారేయమని కాదు, వాటికి నాలుగంగుళాల లోతుతో గోడకు తగిలించే విడి అద్దాల పెట్టె చేయించండి. హాలు షోకేసులోకి మాత్రం రానివ్వకండి.

స్కేలు తేలాక మిగిలేది ఏ కార్లు అన్న ప్రశ్న. స్పోర్ట్స్ కార్లు అనేది చాలా పెద్ద సంచి. అందమైనవన్నీ కొంటూ పోతే రెండేళ్లలో షోకేసు దుకాణం అద్దంలా తయారవుతుంది. ఒక గీత గీసుకుని దాని లోపలే కొనేవారి అర దగ్గర చూడవచ్చిన మనిషి ఎక్కువసేపు నిలబడటం నేను గమనించాను. ఆ గీత ఏదైనా కావచ్చు. పోర్షే 911 ఒక్కదాన్నే తీసుకుని 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 పేరుతో కనిపించిన తొలి రూపం నుంచి ఈనాటి 992 దాకా తరానికొకటి వరసగా నిలపవచ్చు. వెనక్కి జారే పైకప్పు మారకుండానే కారు ఎలా వెడల్పెక్కుతూ వచ్చిందో ఎనిమిది కార్లలో తెలిసిపోతుంది. గాలితో చల్లబడే ఇంజన్ చివరిసారి వచ్చిన 993, నీటితో చల్లబడే ఇంజన్‌తో మొదలైన 996 పక్కపక్కన ఉంటే, ఆ వరసలో అసలు విరుపు అక్కడే కనిపిస్తుంది.

నా గీత వేరు. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసును గెలిచిన కార్లు. సంవత్సరానికి ఒక్క విజేతే ఉంటుంది కాబట్టి ఏది కొనాలో, ఏది వదలాలో నేను ఆలోచించనక్కర్లేదు, చరిత్రే నిర్ణయించి పెట్టింది. 1966లో ఫోర్డ్ జీటీ40 మార్క్ 2 కార్లు మొదటి మూడు స్థానాలూ తీసుకున్నాయి. నలుపు రంగు 2వ నంబరు, లేత నీలం 1వ నంబరు, బంగారు రంగు 5వ నంబరు మూడింటినీ గీత దాటిన క్రమంలో పెడితే ఒక అరలో పావు వంతు ఒక్క మధ్యాహ్నానికే సరిపోతుంది. 1968, 1969 సంవత్సరాల్లో గెలిచింది ఒకే కారు, అదే చాసిస్ (చట్రం), లేత నీలం మీద నారింజ పట్టీ ఉన్న గల్ఫ్ చమురు కంపెనీ రంగుల జీటీ40. రెండు సంవత్సరాలకూ రెండు మోడళ్లు కొనాలా, ఒకటి చాలా అన్న వాదన మాలో ఎప్పటికీ తెగదు. గెలిచింది ఒకే చాసిస్ అయినా నంబర్లు వేరు, డ్రైవర్లు వేరు గనుక నేను రెండూ కొన్నాను.

ఇక్కడే ఒక జాగ్రత్త. అదే గల్ఫ్ రంగుల్లో ఉన్న పోర్షే 917 మోడల్ అన్ని కంపెనీలూ చేస్తాయి, బహుశా ప్రపంచంలో ఎక్కువ మంది గుర్తుపట్టే రేసు కారు అదే. కాని ఆ రంగుల్లో 917 లె మాన్ గెలవలేదు. 1970లో గెలిచింది ఎరుపు, తెలుపు రంగుల 23వ నంబరు 917, అది లె మాన్‌లో పోర్షేకు తొలి సంపూర్ణ విజయం. 1971లో గెలిచింది మార్టినీ అనే స్పాన్సర్ రంగుల 22వ నంబరు 917, మెగ్నీషియం చాసిస్‌తో పరుగెత్తి ఆ కారు నెలకొల్పిన దూరపు రికార్డు 2010 దాకా నిలిచింది. గల్ఫ్ 917 అందానికి లొంగి కొనేవారిని నేను తప్పు పట్టను, కాని దాని కింద పలకలో విజేత అని రాసి పెట్టడం చూశాను, అది మాత్రం సరికాదు. ఆ తర్వాత 1991లో నారింజ, ఆకుపచ్చ రంగుల మాజ్దా 787బి, లె మాన్ గెలిచిన తొలి జపాన్ కారు, అదీ పిస్టన్లు లేని రోటరీ ఇంజన్‌తో. 1995లో నలుపు రంగు మెక్‌లారెన్ ఎఫ్1 జీటీఆర్, రోడ్డు మీద తిరిగే కారు నుంచి పుట్టిన విజేత. 2023లో ఫెరారీ 499పి, యాభై ఏళ్ల తర్వాత పై తరగతిలోకి తిరిగి వచ్చి గెలిచింది. ఇలా ప్రతి కారూ పక్క కారుతో ఏదో ఒక సంబంధం పెట్టుకుని నిలబడుతుంది. మన దేశపు కోణం కావాలంటే అదీ ఉంది. 2005లో ఫార్ములా వన్‌లోకి వచ్చిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ నడిపిన పసుపు రంగు జోర్డాన్ ఈజే15ను మినీచాంప్స్ కంపెనీ 1:43లో చేసింది. లె మాన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడు కరుణ్ చందోక్, 2012లో, అతని కారు మొత్తం మీద ఆరో స్థానంలో నిలిచింది.

ఇక రంగు పొక్కుల సంగతి. డైకాస్ట్ కారు, అంటే అచ్చులో లోహం పోసి చేసిన కారు, శరీరం జింకు ప్రధానంగా ఉండే మిశ్రలోహం. అందులో అల్యూమినియం దాదాపు నాలుగు శాతం, మెగ్నీషియం, రాగి కొద్దికొద్దిగా ఉంటాయి. ఈ లోహానికి రెండు జబ్బులు వస్తాయి, చాలామంది రెండింటినీ ఒకటిగా మాట్లాడతారు. మొదటిది లోపలి జబ్బు. పోత పోసేటప్పుడు లోహంలో సీసం వంటి మలినాలు కలిస్తే, ఏళ్లు గడిచే కొద్దీ లోహపు రేణువుల మధ్య తుప్పు పాకి, కారు ఉబ్బి, పగిలి, చివరికి పొడిగా రాలిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి డింకీ బొమ్మల్లో ఇది విస్తారంగా కనిపిస్తుంది. దీనికి మందు లేదు. రెండోది పైపై జబ్బు. రంగు పొర కింద తేమ చేరి జింకు ఆక్సీకరణం చెందితే, రంగు ఆవగింజంత పొక్కులుగా లేస్తుంది. అంచులు, తలుపు సందులు, ఇంజన్ మూత చివరలు మొదట దెబ్బతింటాయి. మీరు వర్ణించింది, అంటే కప్పు మీద, తలుపు అంచుల వెంట చిన్న పొక్కులు ఉండి శరీరం ఎక్కడా పగలకపోవడం, ఈ రెండో రకమే.

దీనికి మూలం తేమ అయితే, దాన్ని వేగిరపరిచేవి మరో రెండున్నాయి. ఒకటి సముద్రపు గాలిలోని ఉప్పు. రెండోది, చాలామంది ఊహించనిది, షోకేసు తానే వదిలే ఆవిర్లు. చెక్క పీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ చెక్క, సరిగా ఆరని జిగురు, తాజా పాలిష్ నుంచి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి చాలా నెలల పాటు కొద్దికొద్దిగా వెలువడుతుంది. జింకు, సీసం ఈ ఆవిరికి తేలికగా లొంగుతాయి, మ్యూజియంలలో లోహపు వస్తువులను కొన్ని రకాల చెక్క పెట్టెల్లో పెట్టకపోవడానికి కారణం ఇదే. అద్దాలు అతికించడానికి వాడే మామూలు సిలికాన్ కూడా ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లమే వదులుతుంది. వెనిగర్ వాసన వస్తే అది ఆ రకమని తెలుసుకోండి. దుమ్ము రాకూడదని బిగుతుగా మూసే షోకేసులో ఆ ఆవిరికి బయటికి పోయే దారి ఉండదు, కార్ల చుట్టూనే తిరుగుతుంది. పైగా కొత్త కారు వచ్చిన థర్మోకోల్ పెట్టెలోనే ఏళ్ల తరబడి ఉంచితే, వాన కాలంలో లోపలికి చేరిన తేమ ఆరక, శరీరానికి ఆనుకునే ఉండిపోతుంది. మీ రెండు కార్లూ అటక మీద పెట్టెలోనే ఉన్నాయని రాశారు కాబట్టి, నాకు అనుమానం ముందుగా ఆ పెట్టె మీదికే పోతోంది.

అందుచేత వడ్రంగికి చెప్పవలసినవి ఇవి. వెనక పలకకూ, అరలకూ ఎండీఎఫ్ వద్దు. మెరైన్ ప్లైవుడ్ మీద సన్‌మైకా అన్ని వైపులా, అంటే లోపలి కోసిన అంచులకు కూడా, వేయాలి. కుదిరితే పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియం చట్రం, అద్దం మాత్రమే ఉన్న షోకేసు అన్నిటికంటే నిశ్చింత. సిలికాన్ వాడేచోట, ఆరేటప్పుడు ఆ ఆమ్లం వదలని, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న గొట్టమే తెప్పించండి, ధర కొంచెం ఎక్కువ, అంతే. పని ముగిశాక వెంటనే కార్లు సర్దకండి, తలుపులు తెరిచి కనీసం నెల రోజులు ఆరనివ్వండి, లోపల తల పెట్టి చూస్తే ఏ వాసనా తగలకూడదు. గృహప్రవేశానికి వచ్చే చుట్టాలకు ఖాళీ షోకేసు చూపించడం కష్టమే, ఆ నెల పుస్తకాలు పెట్టుకోండి.

జరిపే అద్దాల తలుపులు మన ఇళ్లలో మామూలు, కాని రెండు అద్దాల మధ్య సందులోంచి దుమ్ము, చీమలు, బల్లి పిల్లలు నిక్షేపంగా లోపలికి వస్తాయి. బల్లి రెట్ట రంగు పొరను తినేస్తుందన్నది అనుభవం మీద తెలిసే విషయం. కీళ్ల మీద తెరుచుకునే తలుపు, అంచుల వెంట సన్నటి బ్రష్ పట్టీ ఉంటే సందు మూసుకుంటుంది, అదే సమయంలో గాలి కొద్దిగా ఆడుతుంది. తాళం తప్పనిసరి. పండక్కి వచ్చే పిల్లలను తిట్టడం కంటే, వాళ్ల కోసం నాలుగు మామూలు కార్లు కింది సొరుగులో విడిగా ఉంచడం అందరికీ మంచిది. 1:18 పెట్టే అర మూడడుగుల పొడవు ఉంటే అద్దం 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ తీసుకోండి, 5 మిల్లీమీటర్ల అద్దం కొన్నాళ్లకు మధ్యలో వంగినట్టు కనబడుతుంది.

తేమను అంచనాతో కాదు, కొలిచి అదుపు చేయాలి. కొన్ని వందల రూపాయలకే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ దొరుకుతుంది, ఒకటి షోకేసు లోపల, ఒకటి బయట పెట్టండి. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దాటే ఉంటుంది, మోడళ్లకు 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే నయం. నారింజ రంగులో ఉండి తేమ పీల్చాక ఆకుపచ్చగా మారే సిలికా జెల్ గుళికలు కొని, గుడ్డ సంచుల్లో పోసి కింది అర మూలల్లో పెట్టండి. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. బూట్ల పెట్టెలో వచ్చే చిటికెడు పొట్లాలు మూడడుగుల షోకేసుకు ఏ మూలకూ చాలవు. హైదరాబాదులోనో కర్నూలులోనో ఉండేవారికి ఇంత అవస్థ లేదు, అక్కడ తేమ కంటే దుమ్ము, ఎండ పెద్ద శత్రువులు.

ఎండ మీకూ శత్రువే. షోకేసు పడమటి కిటికీకి ఎదురుగా ఉంటే చోటు మార్చండి, పరదా మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎరుపు, నారింజ రంగులు ముందు వెలిసిపోతాయి, రేసు కార్ల మీద అంటించే డెకాల్‌లు, అంటే నంబర్ల, గుర్తుల సన్నటి పొరలు, పసుపెక్కి, అంచుల దగ్గర లేస్తాయి. వేడికి రెజిన్ కార్ల సన్నటి రెక్కలు వంగిపోతాయి కూడా. దీపాలకు ఎల్‌ఈడీ పట్టీలే వాడండి, కాని వాటిని వెనక పలకకు కాకుండా, ప్రతి అర పైభాగంలో ముందు అంచున, కాంతి వెనక్కి పడేలా బిగించండి. వెనక నుంచి వెలిగిస్తే కారు నల్లటి నీడగా మాత్రమే కనిపిస్తుంది. 4000 కెల్విన్ కాంతి ఎరుపుకూ నీలానికీ రెండింటికీ న్యాయం చేస్తుంది. పసుపు కాంతిలో గల్ఫ్ నీలం మురికిగా కనబడుతుంది. కరెంటు అడాప్టర్ వేడెక్కుతుంది గనుక షోకేసు బయట ఉండాలి. వెనక పలకకు తెలుపు, నలుపు కాకుండా మెరుపు లేని బూడిద రంగు ఎంచుకోండి, నలుపు మీద ప్రతి దుమ్ము రేణువూ కనబడుతుంది. వెనక అద్దం పెడితే కారు వెనక భాగం కనిపిస్తుందని కొందరు అంటారు, రేసు కార్లకు అది బాగానే ఉంటుంది, కాని మన మొహం కూడా కనిపిస్తుంది.

టైర్ల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మెత్తటి టైర్లలోని ప్లాస్టిసైజర్ అనే పదార్థం ఏళ్లు గడిచే కొద్దీ బయటికి ఊరి, కారు నిలబడిన ప్లాస్టిక్ పీఠాన్ని కరిగిస్తుంది. ఒక రోజు కారు ఎత్తబోతే టైరు అక్కడే అతుక్కుని ఉంటుంది. టైరు కింద పారదర్శకమైన పాలియెస్టర్ ఓహెచ్‌పీ షీటు ముక్క చిన్నగా కోసి పెట్టండి, పైకి కనబడదు. తుడవడానికి మెత్తటి మేకప్ బ్రష్, కెమెరాలకు వాడే గాలి బుడ్డి చాలు. గుడ్డతో పొడిగా రుద్దితే దుమ్మే గరుకు కాగితంలా పనిచేసి గీతలు పెడుతుంది. స్పిరిట్, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి, అద్దాలు తుడిచే ద్రవాన్ని గుడ్డ మీద కొట్టి అద్దం తుడవండి గాని షోకేసు తలుపు తెరిచి లోపలికి కొట్టవద్దు. కారును పక్క అద్దాలు, వెనక రెక్క పట్టుకుని ఎప్పుడూ ఎత్తకూడదు, అడుగు కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తాలి.

మూడో ప్రశ్న, విలువ. మీ దగ్గరున్న అరవైలో ఎక్కువ భాగం మామూలు వరస హాట్ వీల్స్ అని ఫొటోలో చూశాను. అవి పెట్టుబడి కావు. లక్షల సంఖ్యలో తయారయ్యే వస్తువు, అందరూ విప్పకుండా దాచుతున్న వస్తువు, అరుదు అయ్యే అవకాశం తక్కువ. 1995లో మొదలైన ట్రెజర్ హంట్ అనే హాట్ వీల్స్ ప్రత్యేక కార్లు తొలి ఏడాది పన్నెండు రకాలు, ఒక్కోటి పదివేలు మాత్రమే చేశారు కాబట్టి వాటికి ధర వచ్చింది. 2007 నుంచి వస్తున్న సూపర్ ట్రెజర్ హంట్ కార్లకు లోహపు మెరుపున్న రంగు, రబ్బరు టైర్లు ఉంటాయి, అవి చేతికి వస్తే మాత్రం ప్యాకెట్ విప్పకండి. మరో మాట, ఫెరారీ కార్ల మోడళ్లు చేసే లైసెన్సు హాట్ వీల్స్‌కు 2014 దాకా ఉండేది, తర్వాత పదేళ్లు లేదు. 2014కు ముందరి ఆ ఫెరారీలకు మన దేశంలో కూడా అడిగేవారున్నారు. కారు అడుగున ముద్రించిన సంవత్సరం చూసి వయసు లెక్కకట్టేవారు జాగ్రత్త పడాలి, అది ఆ అచ్చు నమోదైన సంవత్సరం, ఆ కారు తయారైన సంవత్సరం కాదు. పదేళ్ల తర్వాత అదే అచ్చుతో పోసిన కారు మీద కూడా అదే సంవత్సరం ఉంటుంది.

ప్యాకెట్‌లో దాచినవి కూడా సముద్రతీరంలో క్షేమంగా ఉండవు. అట్ట తేమకు వంగుతుంది, ముందరి ప్లాస్టిక్ పసుపెక్కి పెళుసవుతుంది. దాచదలచినవాటిని పారదర్శకమైన గట్టి తొడుగుల్లో పెట్టి నిలువుగా ఉంచాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. మిగిలినవి విప్పేయండి. ముద్రించిన ఎంఆర్‌పీకి దొరికే కారును నాలుగింతలకు తిరిగి అమ్మేవారి దగ్గర కొనడం కంటే, సూపర్ మార్కెట్ బొమ్మల అర దగ్గర ఓపికగా వెతకడమే ఈ సరదాలో సగం.

మీరు 1:43కు మారితే కొనుగోలు వేరే పద్ధతిలో సాగుతుంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది, 2021 నుంచి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నిబంధన కూడా ఉంది. విదేశీ దుకాణంలో కనిపించే ధరకు సుంకం, రవాణా కలిపి లెక్క వేసుకోకుండా ఆర్డర్ పెట్టకండి, అమల్లో ఉన్న రేటు ఆ రోజు సరిచూసుకోండి. ఇక్కడి అమ్మకందారులు ముందస్తు సొమ్ము తీసుకుని ఆర్నెల్ల తర్వాత ఇచ్చే పద్ధతిలో కొనేటప్పుడు, పాతిక శాతానికి మించి ముందే చెల్లించవద్దు. వాట్సాప్ గుంపుల్లో పాత కార్లు కొనేటప్పుడు ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి తీసిన వీడియో అడగండి. అడుగు భాగం రివెట్లు దగ్గరగా చూపించమనండి. రివెట్ తల డ్రిల్ చేసినట్టు ఉంటే కారును విప్పి చక్రాలు మార్చారన్న మాట, ఖరీదైన సూపర్ ట్రెజర్ హంట్‌ల నకళ్లు ఇలాగే పుడతాయి. కొన్న ప్రతి కారుకూ కంపెనీ, స్కేలు, కోడ్ నంబరు, కొన్న తేదీ, చెల్లించిన మొత్తం ఒక ఎక్సెల్ పట్టికలో రాసుకోండి. పెట్టెలు కూడా ఉంచండి, కాని అటక మీద కాదు, పడకగది అల్మారా పైన.

చివరగా ఆ రెండు 1:18 కార్లు. పక్క కార్లకు ఆ పొక్కులు అంటుకుంటాయన్న భయం అక్కర్లేదు, ఇది అంటురోగం కాదు. ఇప్పుడే థర్మోకోల్ నుంచి బయటికి తీసి, పొడి చోట ఉంచండి. పొక్కులను గోటితో గిల్లవద్దు, పాలిష్ వేయవద్దు, లోపలి జింకు బయటపడితే తుప్పు ఇంకా వేగంగా పాకుతుంది. పూర్తిగా రంగు గీకి, ప్రైమర్ వేసి, మళ్లీ రంగు వేయించే పనివారు ఉన్నారు, అయితే అలా చేస్తే రేసు గుర్తులు కూడా కొత్తగా అంటించవలసి ఉంటుంది, ఖర్చు కొత్త కారు ధరకు దగ్గరవుతుంది. వాటిలో ఒకటి మీ అన్నయ్య కొనిచ్చినదని రాశారు. దాన్ని అలాగే, తక్కువ పొక్కులున్న పక్క బయటికి కనిపించేలా, కింది అరలో పెట్టుకోండి. రెండోదాన్ని అమ్మదలిస్తే పొక్కుల ఫొటోలు ముందుగా చూపించే అమ్మండి.